బల్ల మీద పలికిన సెట్టు బాగున్నట్టు కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

పాత వాకీటాకీలు, వాహనాల్లో బిగించే మొబైల్ రేడియో సెట్లు కొనుక్కునేవాళ్ల కోసం పోయిన ఆదివారం మీ పత్రికలో వేసిన వ్యాసం చదివాను. కొత్తవి కొనే స్తోమత లేనివాళ్లకి, వరదలప్పుడూ తుపానులప్పుడూ పనికొస్తాయని నాలుగు సెట్లు కూడబెట్టుకునే వాలంటీర్లకి, అభిరుచి కొద్దీ నడిపే హామ్ రేడియోలోకి కొత్తగా అడుగుపెట్టే పిల్లలకి అది ఉపయోగపడే వ్యాసమే. కానీ అందులో ఒక మాట దగ్గర నాకు మనసొప్పలేదు. బ్యాటరీ వేసి రెండు సెట్లూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడి చూడమనీ, మాట వినిపిస్తే సెట్టు బాగున్నట్టేననీ రాశారు. ఇలాంటి పాత సెట్లు బాగుచేయడం నా పని, కాబట్టి కాస్త గట్టిగానే చెప్తున్నాను: ఆ పరీక్షలో దాదాపు ఏ సెట్టయినా పాసైపోతుంది, సగం చెవుడొచ్చిన సెట్టు కూడా.

ఎందుకో చెప్తాను. మంచి కండిషన్‌లో ఉన్న ఎఫ్ఎం సెట్టు 0.25 మైక్రోవోల్టు సిగ్నల్ వచ్చినా మాటను అర్థమయ్యేలా వినిపిస్తుంది. ఒక వోల్టును 40 లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం అన్నమాట. అదే బల్ల మీద, 2 మీటర్ల దూరంలో 5 వాట్ల సెట్టు మాట్లాడే బటన్ నొక్కితే ఇటు సెట్టులోకి వచ్చిపడేది తక్కువలో తక్కువ మిల్లీవోల్టుల లెక్కలో ఉంటుంది, అంటే కావలసినదానికి వేల రెట్ల పైమాటే. రిసీవర్ (సెట్టులో వినే భాగం) 40 డెసిబెల్స్ బలం కోల్పోయి, అంటే వోల్టుల్లో వంద రెట్లు మొద్దుబారి, 25 మైక్రోవోల్టులు ఇస్తే తప్ప పలకని స్థితికి వచ్చినా, బల్ల మీద మాత్రం గంట కొట్టినట్టు వినిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే, వినే సెట్టుకి యాంటెన్నా తీసేసి చూడండి, అప్పుడు కూడా మాట వస్తుంది. (వినే సెట్టుకి మాత్రమే. మాట్లాడే సెట్టుకి యాంటెన్నా గానీ 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ గానీ, అంటే పవర్‌ని గాల్లోకి వదలకుండా వేడిగా మార్చేసే సాధనం గానీ, లేకుండా బటన్ నొక్కకండి, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోవచ్చు.) యాంటెన్నా లేకపోయినా పాసయ్యే పరీక్షని పరీక్ష అని ఎలా అంటామండీ?

ఇంతకన్నా ఎక్కువ మోసం చేసేది ఫ్రీక్వెన్సీ. ఇలాంటి సెట్లలో చాలావాటిలో ఒక ప్రధాన క్రిస్టల్ ఉంటుంది, సెట్టు ఫ్రీక్వెన్సీలన్నీ దాన్నిబట్టే నడుస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ క్రిస్టల్ కొంచెం కొంచెంగా పక్కకి జరుగుతుంది. పదిలక్షల్లో 5 వంతులు జరిగిందనుకోండి, 150 మెగాహెర్ట్జ్ దగ్గర అది 750 హెర్ట్జ్, 450 మెగాహెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి 2,250 హెర్ట్జ్. పూర్వం 25 కిలోహెర్ట్జ్ ఛానల్‌లో ఈ తేడా పెద్దగా తెలిసేది కాదు. ఇప్పుడు చాలాచోట్ల 12.5 కిలోహెర్ట్జ్ ఇరుకు ఛానల్సే (అమెరికాలో 2013 జనవరి 1 నుంచి 150-174, 421-470 మెగాహెర్ట్జ్ వ్యాపార, ప్రజాభద్రతా బ్యాండ్లలో అదే తప్పనిసరి చేశారు), అక్కడ 2 కిలోహెర్ట్జ్ జరిగితే గట్టిగా పలికిన అక్షరాలన్నీ చిరిగిపోయినట్టు వస్తాయి, పక్క ఛానల్ వాళ్లకీ ఇబ్బందే.

ఒకసారి ఒక వాలంటీర్ బృందం ఆరు హ్యాండ్‌సెట్లు నా దగ్గరికి తెచ్చింది. ఆరూ ఒకే మోడల్, ఒకేసారి కొన్నవి, ఒకే చోట వాడినవి. వాటిలో అవి చక్కగా మాట్లాడుకుంటాయి, రిపీటర్ (సిగ్నల్‌ని అందుకుని మళ్లీ గట్టిగా దూరాలకి పంపే స్టేషన్) మీదికి వెళ్తే మాత్రం గొంతు తెగిపోతుంది. రిపీటర్‌లోనే ఏదో లోపం ఉందని వాళ్లకి గట్టి నమ్మకం, ఎందుకంటే ఆరు సెట్లూ ఒకేసారి చెడిపోవు కదా. ఒక్కొక్కటీ డమ్మీ లోడ్ మీద పెట్టి కొలిస్తే ఆరూ 1,500 నుంచి 1,700 హెర్ట్జ్ కిందికి దిగి ఉన్నాయి. ఒకే బ్యాచ్ క్రిస్టల్స్, ఒకే వయసు, అన్నీ కలిసి ఒకే వైపు జరిగాయి. అందుకే వాటికి ఒకదాని తప్పు ఇంకొకదానికి కనపడలేదు. మీ వ్యాసంలో చెప్పిన పరీక్ష చేస్తే ఆ ఆరూ నిక్షేపంలా ఉన్నట్టే లెక్క. సరిచేయడానికి సెట్టుకి పది నిమిషాలు పట్టింది. వరద మధ్యలో ఉండగా ఈ సంగతి బయటపడి ఉంటే ఆ పది నిమిషాలు ఎవరిస్తారు?

ఇక అలైన్‌మెంట్ గురించి, అంటే సెట్టులోని సర్దుబాట్లన్నిటినీ కొలతల ప్రకారం సరిచేయడం గురించి. ఈ మాట వినగానే చాలామంది చేతిలోకి స్క్రూడ్రైవర్ తీసుకుంటారు. దయచేసి వద్దు. అలైన్‌మెంట్ రోగానికి మందు కాదు, రోగం తగ్గాక చేసేది. ముందు సెట్టులో ఏం చెడిందో వెతికి బాగుచేయాలి, ఆ తర్వాతే ట్రిమ్మర్ల (సర్దుబాటు కోసం తిప్పే చిన్న స్క్రూల) జోలికి వెళ్లాలి. వరస తారుమారైతే ఒక లోపాన్ని ఇంకో లోపంతో కప్పినట్టవుతుంది. నా దగ్గరికి వచ్చే సెట్లలో పాడైపోయి వచ్చినవాటికన్నా, ఎవరో తిప్పి తిప్పి పాడుచేసినవి బాగుచేయడమే కష్టం.

ఒక మొబైల్ సెట్టు సంగతి చెప్తాను. దూరం స్టేషన్లు అసలు పట్టడం లేదన్నారు. కొలిస్తే 4 మైక్రోవోల్టులు ఇస్తే గానీ పలకడం లేదు, అంటే ఉండవలసినదానికన్నా 24 డెసిబెల్స్ తక్కువ. మూత తీసి చూస్తే ముందు భాగంలో ఉన్న ట్యూనింగ్ కాయిల్స్ మీద ఫ్యాక్టరీవాళ్లు వేసిన లక్క పగిలి ఉంది, ఎవరో అన్నిటినీ తిప్పారు. నాకూ చెయ్యి వాటి మీదికే వెళ్లబోయింది, ఆపుకున్నాను. లైటు ఏటవాలుగా పట్టి భూతద్దంతో యాంటెన్నా సాకెట్ దగ్గర చూస్తే, మధ్య పిన్ను చుట్టూ ఉన్న టంకంలో వెంట్రుకంత సన్నని గీత ఒకటి, పూర్తి వలయంలాగా. కేబుల్ బిగించినప్పుడూ విప్పినప్పుడూ, బండి అదిరినప్పుడూ ఆ పిన్ను కదిలి కదిలి టంకం తెగిపోయింది. పాత టంకం పీల్చేసి కొత్తది వేశాక 0.9 మైక్రోవోల్టుకి వచ్చింది. మిగతాది ఆ తిప్పుళ్ల పుణ్యమే. అప్పుడు కూర్చుని కాయిల్స్ ఒక్కొక్కటే సరిచేస్తే 0.28 దగ్గర నిలబడింది. తిప్పిన మనిషి చెడ్డవాడేం కాదు, అతనికి కొలిచే సాధనం లేదు, చెవితో చేశాడు. కొత్తలో నేనూ అదే చేశాను, గట్టిగా వినిపించే చోట ఆపేస్తే చాలనుకునేవాణ్ణి. చెవి చాలా త్వరగా సర్దుకుపోతుంది, అయిదు డెసిబెల్స్ తేడాని కూడా రెండు నిమిషాల్లో మర్చిపోతుంది.

వయసు మీరిన సెట్లలో తప్పకుండా చూడవలసినవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, అంటే లోపల రసాయన ద్రవం ఉండి ఛార్జిని నిలవచేసే భాగాలు. ముఖ్యంగా 1980ల చివర్లో, 1990లలో కాళ్లు బోర్డులోకి దిగకుండా పైపైనే అతికించిన చిన్న అల్యూమినియం డబ్బాలు. పైనుంచి చూస్తే నిగనిగలాడుతూ బాగానే కనిపిస్తాయి. కానీ అడుగు నుంచి రసం కారి చుట్టూ టంకం మెరుపు పోయి బూడిద రంగులోకి మారుతుంది, సోల్డరింగ్ ఐరన్ ఆనించగానే చేపల కంపు గుప్పుమంటుంది. ఆ వాసన ఒక్కసారి ఎరిగితే మళ్లీ మర్చిపోరు. ఆ రసం రాగి గీతల్ని కూడా తినేస్తుంది. ఆడియో సన్నబడటం, ఎక్కడినుంచో హమ్ రావడం, ఒక్కోసారి ఫ్రీక్వెన్సీ లాక్ కాకపోవడం (సెట్టు కావలసిన ఫ్రీక్వెన్సీ మీద నిలబడకపోవడం), వీటికి మూలం అక్కడే ఉండొచ్చు. పాతవి మెల్లగా తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు కడిగి, గీతలు తెగాయేమో మీటర్‌తో చూసుకుని కొత్తవి వేయాలి. వాల్యూమ్ కంట్రోల్ గరగర, బటన్ అరుగుదల, మైకు తీగ తెగడం అందరికీ తెలిసినవే, వాటి గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో జాగ్రత్త. కొంచెం కొత్త తరం సెట్లలో తిప్పడానికి స్క్రూలు ఉండవు, అలైన్‌మెంట్ విలువలన్నీ లోపల మెమరీ చిప్‌లో అంకెలుగా ఉంటాయి. ఏ సెట్టుకి ఆ సెట్టు విలువలు ఫ్యాక్టరీలో విడివిడిగా కొలిచి రాసినవి. కేబుల్ తగిలించగానే మొదట చేయవలసిన పని ఆ మెమరీ మొత్తం చదివి కంప్యూటర్‌లో భద్రంగా దాచుకోవడం, మార్పులు ఆ తర్వాతే. ఛానల్స్ మళ్లీ టైప్ చేయడానికి బద్ధకించి ఒక సెట్టు మెమరీని మొత్తంగా ఇంకో సెట్టులోకి ఎక్కించేవాళ్లు ఉన్నారు. ఛానల్స్‌తో పాటు మొదటి సెట్టు కొలతలు కూడా రెండోదానిలోకి వచ్చిపడతాయి. దానికి తన ఫ్రీక్వెన్సీ, తన పవర్, తన డీవియేషన్ (మాటతో పాటు ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే మేర) అన్నీ పోయినట్టే, అసలు విలువల కాపీ లేకపోతే మొత్తం మొదటినుంచి కొలుచుకోవాలి. ఛానల్స్ మాత్రమే కాపీ చేసే పద్ధతి వాడితే ఈ టెన్షన్ ఉండదు.

కొలిచే సాధనాల మాటకొస్తే, అన్నీ ఒకే పెట్టెలో ఉండే సర్వీస్ మానిటర్ ఉంటే హాయి, పాతదైనా సరే. లేకపోతే కావలసినంత సిగ్నల్ తయారుచేసి ఇచ్చే సిగ్నల్ జనరేటర్, ఫ్రీక్వెన్సీ కౌంటర్, పవర్ మీటర్, డీవియేషన్ మీటర్, డమ్మీ లోడ్ విడివిడిగా అయినా ఉండాలి. తూకం రాయే తప్పయితే తూకం ఎలా నిజమవుతుంది, అందుకని కౌంటర్ తన సొంత క్రిస్టల్ మీద కాకుండా జీపీఎస్ ఆధారంగా నడిచే 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ మీద నడిస్తే మంచిది. పరికరాలన్నీ ఒక అరగంట ముందే ఆన్ చేసి వేడెక్కనివ్వాలి. జనరేటర్‌కీ సెట్టుకీ మధ్య తగినంత వాట్లు తట్టుకునే అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించే సాధనం) పెట్టి తీరాలి, ఎందుకంటే మైకు బటన్ పొరపాటున నొక్కుకుపోతే 25 వాట్లు నేరుగా జనరేటర్‌లోకి వెళ్లి దాని అవుట్‌పుట్‌ని కాల్చేస్తాయి. మైకు పీకి పక్కన పెట్టేయడం ఇంకా మేలు.

పని మొదలెట్టినప్పుడు సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న వరసే నా వరస. ముందుగా సరఫరా వోల్టేజీ, మొబైల్ సెట్లకి సాధారణంగా 13.8 వోల్టులు, అది బటన్ నొక్కినప్పుడు కూడా పడిపోకుండా నిలబడాలి. తర్వాత బ్యాండు రెండు చివర్లలోనూ ఫ్రీక్వెన్సీ లాక్ అవుతోందా అని వీసీఓ (వోల్టేజీని బట్టి ఫ్రీక్వెన్సీ మార్చుకునే ఆసిలేటర్) కంట్రోల్ వోల్టేజీ చూడాలి. ఆ తర్వాత రిఫరెన్స్ క్రిస్టల్, ఆపైన పవర్, డీవియేషన్, చివర్లో రిసీవర్.

పవర్ దగ్గర ఒక బలహీనత దాదాపు అందరిలోనూ ఉంటుంది, ఇంకొంచెం పెంచితే ఇంకొంచెం దూరం వెళ్తుందని. 25 వాట్ల సెట్టుని లాగి లాగి 30 వాట్లు చేస్తే పెరిగేది 0.8 డెసిబెల్. అటువైపు వినేవాళ్లకి ఆ తేడా తెలియనే తెలియదు. తెలిసేది ఆ సెట్టులోని అవుట్‌పుట్ మాడ్యూల్‌కి మాత్రమే, అది వేడెక్కి త్వరగా పోతుంది, హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడింతల దగ్గర పుట్టే అనవసర సిగ్నల్స్) పెరిగి ఇంకెవరి బ్యాండులోనో చప్పుడు చేస్తుంది. కంపెనీ రాసిన అంకె దగ్గర ఆపేయండి. ఇంకొంచెం తక్కువ పెట్టినా నష్టం లేదు.

డీవియేషన్ అయితే ఇంకా ఎక్కువ మంది చెడగొట్టేది. గొంతు గట్టిగా వినిపించాలని దాన్ని పెంచేస్తారు. ఇరుకు ఛానల్‌లో గరిష్ఠం 2.5 కిలోహెర్ట్జ్, వెడల్పు ఛానల్‌లో 5, అందులోనే సబ్‌టోన్ (తమ బృందం సిగ్నల్‌ని గుర్తుపట్టడానికి మాట వెనక పంపే తక్కువ స్థాయి టోన్) కూడా ఇమడాలి. ఇరుకు ఛానల్‌లో ఆ టోన్‌కి సుమారు 350 హెర్ట్జ్ పోగా మిగిలిందే మాటకి. మైకులో గట్టిగా అరిచినా ఆ గీత దాటకుండా లిమిటర్ పట్టుకుంటోందో లేదో చూడాలి. దాటితే అవతలి రిసీవర్ ఫిల్టర్ అంచుల్ని కోసేస్తుంది, గట్టిగా మాట్లాడేకొద్దీ మాట తునకలు తునకలుగా వెళ్తుంది. వెడల్పు ఛానల్ కోసం తయారై ఇరుకు మోడ్ లేని పాత సెట్లని కొనేముందు దీని గురించే ఆలోచించుకోవాలి. డీవియేషన్ తగ్గించినంత మాత్రాన అది ఇరుకు సెట్టు అయిపోదు, దాని రిసీవర్ ఫిల్టర్ ఇంకా వెడల్పుగానే ఉంటుంది, పక్క ఛానల్ మాటలు లోపలికి వస్తూనే ఉంటాయి.

రిసీవర్ ట్యూన్ చేయడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. జనరేటర్ నుంచి 1 కిలోహెర్ట్జ్ టోన్, గరిష్ఠ డీవియేషన్‌లో 60 శాతం, అంటే ఇరుకు ఛానల్‌కి 1.5 కిలోహెర్ట్జ్. స్పీకర్ దగ్గర సినాడ్ మీటర్. స్పీకర్‌లో వచ్చే మొత్తం చప్పుడుకీ, అందులోంచి ఆ టోన్‌ని తీసేస్తే మిగిలే రొద, వంకరపోయిన శబ్దాలకీ మధ్య నిష్పత్తి అది. ఆ మీటర్ 12 డెసిబెల్స్ చూపించేదాకా సిగ్నల్ తగ్గించుకుంటూ రావాలి. ఇప్పుడు ప్లాస్టిక్ ట్యూనింగ్ టూల్‌తో మొదటి కాయిల్ కోర్‌ని తాకండి. ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే అదే కాయిల్ విలువని మార్చేస్తుంది, తీయగానే అంతా మారిపోతుంది, పైగా ఫెరైట్ కోర్ పెళుసు, పగిలి లోపల ఇరుక్కుంటే ఆ కాయిల్ పోయినట్టే. కోర్ బిగుసుకుని ఉంటే బలం చేయకండి, కొంచెం వేడి గాలి తగలనివ్వండి. గడియారం ముల్లు అయిదు నిమిషాలు జరిగినంత మాత్రమే తిప్పాలి. మీటర్ 12 నుంచి 14కి, 15కి లేస్తుంది, స్పీకర్‌లో సుయ్యిమనే రొద వెనక్కి తగ్గి టోన్ ఒక్కటే ముందుకొస్తుంది. వెంటనే సిగ్నల్‌ని ఇంకొంచెం తగ్గించి మళ్లీ 12కి తెచ్చుకోవాలి, తర్వాతి కాయిల్‌కి వెళ్లాలి, అలా చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికి రావాలి. బలమైన సిగ్నల్ మీద ట్యూన్ చేస్తే ఏ కాయిల్ ఏం చేస్తోందో తెలియదు. ఒక ఛానల్ మీద మాత్రమే చూసి ఆపేయకూడదు కూడా, వాడబోయే ఛానల్స్‌లో కింది చివర, మధ్య, పై చివర మూడు చోట్లా దాదాపు సమానంగా రావాలి. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు రొద వినపడకుండా స్పీకర్ మూసేసే సర్దుబాటు) దీని తర్వాతే, ముందే బిగిస్తే బలహీనమైన సిగ్నల్స్‌కి తలుపు మూసేసినట్టు.

సెట్టు బల్ల మీద అన్ని అంకెలూ ఇచ్చాక కూడా పాత యాంటెన్నా, నీళ్లు దిగిన కేబుల్, చచ్చిపోయిన బ్యాటరీ మొత్తం కష్టాన్ని వృథా చేస్తాయి. బ్యాటరీని ఊరికే మీటర్ పెట్టి చూడటం కాదు, బటన్ నొక్కి పట్టుకుని చూడాలి. బటన్ నొక్కనప్పుడు 7.4 వోల్టులు చూపించిన బ్యాటరీ నొక్కగానే 5 వోల్టులకి పడిపోతుంటే సెట్టు తప్పేం లేదు.

ఇవన్నీ ఇంట్లో అందరూ చేయగలరని నేను అనడం లేదు. ఇలాంటి సెట్లతో ప్రసారం చేయడానికి లైసెన్సు ఉండాలి, పరీక్షలు డమ్మీ లోడ్ మీదే చేయాలి, సాధనాలు లేనివాళ్లు ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లాలి. కానీ కొనేవాళ్లు ఎవరైనా అడగగలిగినవి మూడు అంకెలు ఉన్నాయి: ఫ్రీక్వెన్సీ తేడా ఎన్ని హెర్ట్జ్, అవుట్‌పుట్ ఎన్ని వాట్లు, 12 డెసిబెల్స్ సినాడ్‌కి ఎన్ని మైక్రోవోల్టులు. అమ్మేవాళ్లు కొలిచి చెప్పగలిగితే మంచిది. చెప్పలేకపోతే ఆ సెట్టుని కొలవని సెట్టుగానే చూసి, సరిచేయించడానికి అయ్యే ఖర్చు కూడా కలుపుకుని బేరమాడాలి. సహాయక బృందాలు తమ సెట్లన్నిటినీ ఏడాదికి ఒక్క రోజు, ఎండలు ముదిరి తుపానులు మొదలయ్యే లోపు, కొలిపించుకుంటే చాలు. కొలిచేటప్పుడు ఆ సెట్లని ఒకదానితో ఒకటి పోల్చకుండా బయటి రిఫరెన్స్‌తోనే పోల్చాలి, ఆ ఆరు సెట్ల సంగతి పైన రాశాను కదా.

నేను బాగుచేసిన ప్రతి సెట్టు మూత లోపల చిన్న చీటీ అంటిస్తాను. తేదీ, గది ఉష్ణోగ్రత, వచ్చినప్పుడు ఉన్న మూడు అంకెలు, వెళ్లేటప్పుడు ఉన్న మూడు అంకెలు, మార్చిన భాగాలు. ఆ సెట్టు మళ్లీ ఎవరి చేతిలోకి వెళ్లినా, క్రిస్టల్ ఎంత కాలంలో ఎంత జరిగిందో ఆ చీటీ చెప్తుంది. మీ పత్రికలో ఆ వ్యాసానికి సవరణ వేసేటట్టయితే ఈ చీటీ నమూనా కూడా వేయండి, శుభ్రంగా రాసి పంపిస్తాను.

ఇట్లు,
పాత రేడియో సెట్లు బాగుచేసే మీ పాఠకుడు